వంశవిద్యయు స్త్రీలును: మాండే గాయకకుటుంబములను గూర్చిన విమర్శము

పల్నాటివారికి వీరగాథ మొదట చెవికి దగులునే కాని కంటికి దగులదు. పిడుగురాళ్ల ప్రాంతమున బెరిగిన పిల్లవాడు ద్విపదయన నేమో యెఱుగకముందే నాయకురాలి పేరును బాలచంద్రుని పేరును ఎఱుగును. కార్తిక బహుళామావాస్య మొదలుకొని కారెంపూడిలో రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను నైదు దినముల యుత్సవము జరుగును. వీరవిద్యావంతులు తమ పెద్దలవలన నేర్చిన గాథను అప్పుడు పాడుదురు. అక్కిరాజు ఉమాకాంతముగారు శ్రీనాథకృతమని చెప్పబడు ద్విపదను 1911లో ప్రకటించిన నాటినుండి ఈ గాథను గూర్చి పండితులు చేసిన చర్చ అల్పము కాదు. కర్త యెవడు, యుద్ధము జరిగిన సంవత్సర మేది, ద్విపదకును పాటకును గల సంబంధ మెట్టిది యని తర్కించిరి. 1982లో జీన్ రోఘేర్ అను అమెరికా పండితుడు అలిసెట్టి గాలెయ్య పాడిన కథ నాధారముగా జేసికొని ఆంగ్లమున నొక మంచి గ్రంథమును వెలువరించెను.

ఇంత చర్చలోను తక్కువగా వినబడిన ప్రశ్న యొకటి కలదు. వంశవిద్య తండ్రినుండి కొడుకునకు వచ్చునని మనము వ్రాసికొందుము. ఆ కొడుకునకు నాలుక తిరుగకముందు ఊయెల కడ పాడిన దెవరు? చరణము తప్పినపుడు వాకిట కూర్చుండి సరిదిద్దిన దెవరు? పాడు హక్కు ఒకరిదియు, పాట నెఱిగిన జ్ఞానము మఱియొకరిదియు నైనచో సంప్రదాయ మెవరి సొత్తు?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు పశ్చిమాఫ్రికాదాక బోవుట కొందఱికి వింతగా దోచవచ్చును. కాని పల్నాటి గాథకు సాటి రాదగిన జీవద్గాథలు లోకమున బహుస్వల్పము. వానిలో మాలీ సామ్రాజ్యస్థాపకుడైన సుంజాతా గాథ యొకటి. మన యుద్ధము పండ్రెండవ శతాబ్ది కడపటిది. సుంజాతా పదుమూడవ శతాబ్ది పూర్వార్ధమువాడు. అనగా రెండు కథలకును వయస్సునందు పెద్ద యంతరము లేదు. రెండును వంశపరంపరగా బాడువారి నోట నిలిచినవి. అంతేకాక, వంశాగతమైన ఆ యాఫ్రికా విద్యను స్త్రీలు వహించుటను గూర్చి యిటీవల లోకమున గొప్ప చర్చ నడచుచున్నది. ఆ చర్చలో వినబడు కొన్ని మాటలు సరియైనవి కావని నా యభిప్రాయము. అవి యెక్కడ దప్పినవో చూపుటయే యీ వ్యాసముయొక్క పని.

మాలీ, గినీ, సెనెగల్, గాంబియా, గినీ బిస్సావు దేశములలో వ్యాపించిన మాండే జాతులయందు పాడువారి కులమొకటి కలదు. ఫ్రెంచివారు వారిని గ్రియోలనిరి. వారు తమ్ము తాము జెలీ లందురు. గాంబియావైపు ఆ మాట జాలీ యగును. జెలీ యనగా ఆ భాషలలో నెత్తురనియు నర్థము. ఈ కులమువారు కమ్మరులు, తోలుపనివారు మొదలగు వారితో గూడ నొక ప్రత్యేకవర్గము. రాజు వారికి దానమీయవలెను. వారు రాజును పొగడవలెను, తప్పు చేసినచో సభలో నెత్తి చూపవలెను. రాజవంశమువారు వారిని పెండ్లియాడరు, కాని వారు లేక పట్టాభిషేకము లేదు. పల్నాటి గాథను కాపాడిన మాలగాయకులను గూర్చి తలచినవారికి ఇట్టి స్థితి తెలియనిది కాదు.

జెలీయొక్క విద్యకు మూలము ఇంటిపేరు. ప్రతి యింటిపేరునకును తగిన కీర్తన గలదు. ఎదుట నిలిచిన మనుష్యుని యింటిపేరెత్తి, వాని పూర్వుల చర్యలను తలచి, వానిని తన వంశమునకు దగినవాడవు కమ్మని హెచ్చరించుట వారి ధర్మము. మన భట్రాజుల బిరుదుగద్యములను, పిచ్చుకుంటులవారు గోత్రములను ఇంటిపేళ్లను ఏకరువు పెట్టు తీరును ఎఱిగినవారికి దీని నింక విప్పి చెప్పనక్కఱలేదు. కూయాతే, దియబాతే, సిస్సోకో, సూసో మొదలగునవి ఆ గాయకవంశముల పేళ్లు. దియబాతే యన్నను గాంబియాలోని జోబర్తే యన్నను ఒకటియే.

ఇక వాద్యములు. చెక్కపలకల క్రింద బుఱ్ఱలు గట్టి మ్రోగించు బాలా ఒకటి. తంత్రులు గల చిన్నవాద్యమైన న్గోని యొకటి. అన్నిటికంటె వన్నెకెక్కినది కోరా. పెద్ద సొరకాయబుఱ్ఱను సగమునకు గోసి, దానికి ఆవుతోలు బిగించి, పొడవైన కఱ్ఱను గ్రుచ్చి, రెండు వరుసలుగా 21 తంత్రులు గట్టుదురు. ఎడమవైపు పదునొకండు, కుడివైపు పది. వాయించునది రెండు చేతుల బొటనవ్రేళ్లును చూపుడువ్రేళ్లును మాత్రమే. తక్కిన వ్రేళ్లు రెండు పిడికఱ్ఱలను బట్టుకొనియుండును. స్కాట్లండు యాత్రికుడు మంగో పార్క్ 1799లో ప్రకటించిన గ్రంథమున 18 తంత్రుల వాద్యమొకటి యీ పేరితోనే పేర్కొనబడినది. పూర్వము తోలుత్రాళ్లుండెడివి, నేడు చేపలుపట్టు నైలాను దారము.

కోరాపాటకు నాలుగంగములు కలవు. వానిని తెలిసికొనక స్త్రీలను గూర్చిన చర్చలోని బలాబలములు తెలియవు. కుంబెంగో యనునది మరల మరల వచ్చు మూలవాద్యగతి, ఇది నేలవంటిది. బిరిమింతింగో యనునది ఆ గతినుండి విడివడి వ్రేళ్లు పరుగెత్తు విన్యాసము. దొంకిలో యనునది అందఱు నెఱిగిన పాట, మన పల్లవివంటిది. సతారో యనునది గాయకుడు పల్లవి విడిచి, తాళముపై దేలుచు, వంశములను సామెతలను చరిత్రలను తనకు దోచిన క్రమమున జెప్పు వచనవిస్తారము. మొదటి రెండును చేతివి. తరువాతి రెండును నోటివి. నాలుగింటిలో సతారో మిక్కిలి కష్టమైనది. జెలీయొక్క జ్ఞాన మెంతటిదో దానివలననే బయటపడును. మన కథకుడు పాట యాపి ‘అది యట్లుండగా’ నని మాటలోనికి దిగినపుడు వాని సత్తా తెలియునట్లే.

ఈ విభాగమున స్త్రీల స్థానమేది? జెలీ స్త్రీని జెలీముసో యందురు. ఆచారమున వాద్యములు పురుషునివి, గానము స్త్రీది. ఆమె చేతిలో నుండునది గొట్టమువలె వంచిన యొక చిన్న యినుపరేకును, దానిని గొట్టు నినుపకడ్డీయు మాత్రమే. దీర్ఘమైన చరిత్రకథనము పురుషుని పని యనియు, కీర్తనము స్త్రీ పని యనియు సామాన్యముగా జెప్పుదురు. ఈ విభజనను జూచి తొలినాటి పరిశోధకులు స్త్రీని తోడుగాయనిగా లెక్కించి యూరకుండిరి. మాలీ 1960లో స్వతంత్రమైన పిమ్మట రేడియోలో ఊరూర వినబడి ప్రజల మన్నన బడసిన గొంతులలో అధికభాగము స్త్రీలవే యని లూసీ డురాన్ అను పరిశోధకురాలు 1995లో ప్రకటించిన వ్యాసమున చక్కగా నిరూపించినది. వాద్యకారుల పేర్లు పలుమాఱు వెనుకబడెను. తాతా బాంబో కూయాతే యను గాయని పేరిలోని ‘బాంబో’ ఆమె పాటయొక్క పేరు. వధువు సమ్మతి లేని పెండ్లిని ద్రోసిపుచ్చిన 1962 నాటి వివాహశాసనము నా పాట కొనియాడినది. రాజులను పొగడుట కేర్పడిన కీర్తనరూపము ఒక శాసనమును పొగడుటకు, అందును ఆడుపిల్లల పక్షమున, పనికివచ్చెను. రూపము మాఱలేదు, పొగడబడిన వస్తువు మాఱినది. దీనిని సంప్రదాయభంగ మనువారు లేరు.

ఇచ్చట విమర్శకులు చాలినంత గమనింపని సంగతి యొకటి. జెలీలు జెలీలనే పెండ్లియాడుదురు. పెండ్లితో స్త్రీ తన పుట్టింటి పాటలను, ఆ యింటివారు చెప్పు కథాభేదములను వెంటబెట్టుకొని వేఱొక గాయకగృహమునకు బోవును. అచ్చట బుట్టిన బిడ్డ తండ్రి వాద్యమును, తల్లి పాటను ఒక్కమాఱే వినును. అనగా పురుషుడు విద్యను ఒక యింటిలో నిలుపుచున్నాడు. ఇంటినుండి యింటికి దానిని చేర్చునది స్త్రీ. చెఱువున నీరు నిలుచును, కాలువలో పాఱును. చెఱువును మాత్రమే లెక్కబెట్టిన పటము ఆయకట్టుకు సరియైన పటము కానేరదు.

2024లో మరణించిన తుమానీ దియబాతే తన వంశమున 71 తరములుగా ఈ విద్య తండ్రినుండి కొడుకునకు వచ్చుచున్నదని చెప్పుకొనెడివాడు. పత్రికలన్నియు ఆ సంఖ్యను చరిత్రగా వ్రాసికొన్నవి. తరమునకు ఇరువదియైదేండ్ల చొప్పున లెక్కించినను అది పదునేడువందల యేండ్లకు బైమాట. మాలీ సామ్రాజ్యమునకే యెనిమిదివందల యేండ్లు. కాబట్టి ఆ సంఖ్యను కాలగణనగా దీసికొనరాదు, స్తుతిగా దీసికొనవలెను. మన ప్రబంధముల యవతారికలలో కృతిపతివంశమును చంద్రునినుండి దింపినపుడు మనము పంచాంగము ముందు పెట్టుకొని కూర్చుందుమా? నాకు వింతగా దోచినది సంఖ్య గాదు, ఆ సంఖ్యలో లేనివారు. తుమానీ తండ్రి సిదికీ కోరావాద్యమున ప్రసిద్ధుడు. తల్లి నెనె కోయిత గాయని. డెబ్బదియొక్క తరముల పట్టికలో నామెకు చోటు లేదు. బాలుని చెవిలో మొదట బడిన గొంతు ఆమెదే యనుకొనుట సహజముగదా.

ఇట్టి నేపథ్యమున సోనా జోబర్తే పేరు వచ్చినది. ఈమె 1983లో లండనులో జన్మించినది. తాత అమదు బన్సంగ్ జోబర్తే గాంబియాలో కోరావిద్యకు పెద్ద; తండ్రి సంజల్లీయు వాద్యకారుడే. ఆమె చిన్ననాట అన్న తుండే జెగెడె వద్దను, తరువాత తండ్రి వద్దను కోరా నేర్చినది. లండనులో పాశ్చాత్యసంగీతమును చదివి, చెల్లో మొదలగు వాద్యములను గూడ నభ్యసించినది. 2011లో ‘ఫాసియా’ యను గీతసంపుటిని వెలువరించెను. ఆ మాటకు వారసత్వమని యర్థము. 1965లో స్వతంత్రమైన గాంబియాకు 2015లో ఏబదియేండ్లు నిండిన సందర్భమున ఆమె తన దేశముపై గట్టిన పాట ఖండాంతరముల వినబడినది. 2022లో ‘బాదిన్యా కుమూ’ అను రెండవ సంపుటి వచ్చినది.

జెలీకుటుంబమున బుట్టి కోరాయందు ప్రావీణ్యముతో వృత్తికెక్కిన తొలి మహిళ యని యామెను లోకము ప్రశంసించుచున్నది. ప్రశంస కామె యర్హురాలే. కాని ఆ ప్రశంసను విప్పి చెప్పువారు రెండు విధములుగా బొరబడుచున్నారు. ఏడు శతాబ్దుల సంప్రదాయమును ఆమె బద్దలుకొట్టినదని యొక పక్షము సంతోషించుచున్నది. అదే మాటను చెప్పి మఱియొక పక్షము చింతించుచున్నది. రెండు పక్షములును సంప్రదాయమనగా వాద్యమును ముట్టు హక్కని తలచుచున్నవి. ఆమె స్వయముగా తన సంపుటికి బెట్టిన పేరు వారసత్వము, భంగమని కాదు. తాతనుండి తండ్రికిని, తండ్రినుండి బిడ్డకును వచ్చిన పాఠము, అన్న వ్రేళ్లనుండి చెల్లెలి వ్రేళ్లకు వచ్చిన సాధన, ఇవి గురుకులలక్షణములే గాని తిరుగుబాటు లక్షణములు గావు. తోడబుట్టినవాడు వాద్యమును చేతికిచ్చి నేర్పగా, తిరుగుబా టెవరిపైన?

నా వాదమునకు బలమైన యాధారము ఆ గాథలోనే యున్నది. గినీ పండితుడు జిబ్రీల్ తమ్సిర్ నియాన్ జెలీ మామదు కూయాతే నోట విని 1960లో ఫ్రెంచిభాషయందు ప్రకటించిన సుంజాతాకథను జూడుడు. సోస్సో దేశపురాజు సుమావురో మాంత్రికుడు. వాని రహస్యమందిరమున నొక బాలావాద్యము గలదు. దానిని రాజు దక్క నెవ్వరును ముట్టరాదు. సుంజాతా పక్షపు జెలీ బల్లా ఫాసెకే ఆ మందిరమున జొచ్చి, నిషిద్ధమైన యా వాద్యమును చేతబట్టి వాయించెను. సుమావురో దూరముననే యది తెలిసికొని చంపవచ్చెను. బల్లా తటాలున ఆ రాజును స్తుతించుచు పాడెను. ఆ స్తుతి విన్న రాజు కరగి, వాని నక్కడనే తన జెలీగా నిలుపుకొనెను. కూయాతేవంశమువారు బల్లాను తమ మూలపురుషునిగా జెప్పుకొందురు. ఆ బాలాయే యని చెప్పబడు సోస్సో బాలా నేటికిని గినీలోని నియాగస్సోలాయందు ఆ వంశమువారి కాపుదలలో నున్నది. యునెస్కో 2001లో దాని సాంస్కృతికావరణమును మానవజాతియొక్క మౌఖికామూర్తవారసత్వపు మేటికృతిగా బ్రకటించినది.

చూడుడు, గాయకులలో శ్రేష్ఠమైన వంశముయొక్క పుట్టుకకథయే నిషిద్ధవాద్యమును ముట్టిన కథ. అధికారము ముందుగా నుండి ముట్టలేదు. ముట్టి, తగినట్లు పాడినందున నధికారము వచ్చెను. పాట సరిగా లేకున్నచో బల్లాకు తల దక్కెడిది కాదు. కాబట్టి యా సంప్రదాయమే తన కథలో ఒప్పుకొన్న న్యాయ మిది: వాద్యము నెవరు ముట్టిరన్నది తరువాతి మాట, ముట్టి యేమి పలికిరన్నది మొదటి మాట. సోనా జోబర్తేకు బరీక్ష పెట్టదలచినవారు ఈ న్యాయముతోనే పెట్టవలెను.

అదే కథలో నింకొక యంశము. సుమావురోకు మృత్యువు కోడికాలి ముల్లున నున్నదని రహస్యమును రాబట్టి తెచ్చినది సుంజాతా సోదరి నానా త్రిబాన్. బాణమునకు కోడిముల్లు గట్టి సుంజాతా వానిని గూల్చెను. కోడిపోరుతో రాజ్యములు గూలిన పల్నాటివారికి ఈ ముల్లును జూచి చిఱునవ్వు రాకపోదు. అక్కడ నానా త్రిబాన్, ఇక్కడ నాగమ్మ: కథ మలుపు తిరుగుచోట రెండింటను స్త్రీ గలదు, గుణములయందు వారికి పోలిక లేకున్నను. కథలో స్త్రీకి దక్కిన స్థానము కథ చెప్పుటయందు దక్కినదా యనునది వేఱు ప్రశ్న.

వాద్యనిషేధమును దాటిన స్త్రీలు ఆఫ్రికాలో నింకను గలరు. జింబాబ్వేలో ఇనుపరేకులను బొటనవ్రేళ్లతో మీటు మ్బిరా పితృదేవతల నావాహనము చేయు వాద్యము. 1946లో బుట్టి 2023లో మరణించిన స్టెల్లా చివెషెకు నేర్పుటకు గురువులు వెనుదీయగా, తాతవరుస బంధువొకడు నేర్పెను. 1974లో వచ్చిన యామె తొలి ముద్రితగీతమునకు వాడిన మ్బిరా యెరువుతెచ్చినది. ఆమె కూతురు వర్జీనియా ముక్వెషాయు సంగీతకర్త్రియైనది. అల్జీరియా యెడారి పట్టణమైన బెషార్‌లో గ్నావావంశమున జనించిన హస్నా ఎల్ బెషారియా తండ్రితాతల గెంబ్రీవాద్యమును చేబట్టినది; 2024లో కీర్తిశేషురాలైనది. మాలీ దేశపు మదీనా న్‌దియాయ్ సంగతి వేఱు. ఆమె జెలీకులమున బుట్టినది కాదు, అయినను కోరా నేర్చినది. ఈమెను వంశవిద్య నిలిపినవారిలో జేర్పరాదు. వంశములేక విద్య నార్జించినవారిలో జేర్పవలెను. స్త్రీ యన్నమాత్రమున నందఱిని ఒక్క మూటలో గట్టుట విమర్శ గాదు.

ఇప్పుడు పరీక్ష. సోనా జోబర్తే సంపుటులను బల్లా ఫాసెకే న్యాయముతో జూచినచో నేమి దేలును? కుంబెంగో దృఢముగ నున్నది. బిరిమింతింగో నిర్మలముగ, తొందరలేక యున్నది. వేగమును జూపి వినువానిని బెదరించు నలవాటు ఆమెకు లేదు, ఇది గొప్ప గుణము. ‘జరాబి’ యను సంప్రదాయప్రేమగీతమున తంత్రులు కంఠమునకు చోటిచ్చి తొలగు తీరు వినదగినది. ఒకే వ్యక్తి వాయించుచు పాడుటవలన, భార్యాభర్తలు పంచుకొనెడి రెండు పాత్రలు ఒక యూపిరిలో గలసినవి. ఇంతవఱకు నా యొప్పుదల. కాని నాలుగవ యంగమైన సతారో అందు సన్నగిలినది. పల్లవి మనోహరముగ మరల మరల వచ్చును. పల్లవిని విడిచి, వంశములోనికి, కథలోనికి, హెచ్చరికలోనికి గాయని దిగు ఘట్టములు స్వల్పము. కొద్దినిమిషముల గీతమున గాథ యిముడదు. చేతివిద్య పూర్ణముగ వచ్చినది, నోటివిద్య సంక్షిప్తమైనది.

ఈ లోపమును స్త్రీత్వమునకు ముడిపెట్టువాడు మూఢుడు. అదే కాలపు పురుషవాద్యకారుల సంపుటులను జూడుడు: తుమానీ దియబాతే వాద్యమే ప్రధానముగా సంపుటుల నిచ్చెను, మాటయే లేదు. దోషము ముద్రణరూపమునది, దూరదేశపు శ్రోతది. భాష తెలియని సభకు సతారో చెప్పుట చెవిటివానిముందు శంఖ మూదుటయే. విదేశముల బేరువడసిన కొలది వాక్కు తగ్గి వాద్యము పెరుగుట వంశవిద్యలన్నిటికిని వచ్చుచున్న ముప్పు. సోనా మాండింకాభాషను విడువక పాడుట యీ ముప్పున కెదురునిలుచుట యని నేను తలచుచున్నాను. గాంబియాలోని కార్తోంగు గ్రామమున ఆమె పాఠశాలను స్థాపించి, తక్కిన పాఠములతోబాటు సంగీతమును బిల్లలకు నేర్పించుటయు నట్టిదే. ఆ పిల్లలు సతారో చెప్పగలవారైననే పాఠశాల ఫలించినట్లు.

వాక్కు స్త్రీలకు జేతగాదనువారు సిరామోరీ దియబాతేను విననివారు. మాలీలోని కెలా, కంగాబా ప్రాంతము గాథాపాఠమునకు మూలస్థానము. 1989లో మరణించిన యీమె అచ్చటి దియబాతేవంశమున బుట్టి, ‘సారా’ యను గీతముతో వన్నెకెక్కెను. ఇచ్చిన మాట తప్పనివారిని గొనియాడు పాట యది. ఆమె చేత వాద్యము లేదు. కాని మాట వెనుక మాట పేర్చి కథను నిలుపుటలో పురుషుల కామె తీసిపోయినది కాదు. యాన్ యాన్సెన్ అను హాలండు పండితుడు ఆమెను, ఆమె సంతతిని గూర్చి 1991లో ప్రత్యేకగ్రంథమునే ప్రకటించెను. తల్లిని మూలముగ బెట్టి రెండు తరముల గాయకుల నధ్యయనము చేసిన యట్టి గ్రంథములు అరుదు. కీతా పట్టణపు కాందియా కూయాతేను ‘ంగారా’ యందురు. గానమునందును వంశజ్ఞానమునందును పెద్దఱికము వచ్చిన జెలీకి ఆ బిరుదు. 2004లో పక్షవాతముచే నామె గొంతు మూగవోయెను. 2015లో మరల నొక సంపుటి వచ్చినది. అందు స్వరము బరువెక్కినది, పూర్వపు జారుదనము లేదు. అయినను ఇంటిపేరెత్తి పిలుచునపుడు నాటి యధికారము చెక్కుచెదరలేదు. గొంతు పోయినను పోని దేదియో అది యామె విద్య.

వాక్కు పోయి వాద్యము మిగిలిన స్థితి యెట్లుండునో చూచుటకు సముద్రము దాటనక్కఱలేదు. నిజాము కొలువున ఆఫ్రికా జాతులవారితో నేర్పడిన యశ్వదళ ముండెడిది. 1948లో హైదరాబాదు భారతదేశమున గలసిన పిమ్మట దళము పోయినది, ఏ.సీ. గార్డ్స్ అను పేట పేరు మిగిలినది. ఆ సిద్దీలును, హద్రమౌతునుండి వచ్చిన యరబ్బులును వాయించు మర్ఫా నేడు హైదరాబాదు పెండ్లియూరేగింపులలో మ్రోగుచున్నది. లయ చెక్కుచెదరలేదు, దానితో వచ్చిన ఆఫ్రికా మాట లేదు. మేళము ప్రాయికముగ మగవారిది. గుజరాతు సిద్దీలలో స్థితి కొంచెము మెఱుగు. రతన్‌పుర్ కడ బావా గోర్ దర్గాలో ఆయన సోదరి మాయి మిశ్రాను గూడ గొలుతురు. వారి మేళమున మలుంగా యను విల్లువాద్యమును, కాళ్లుగల ముగర్మాన్ డోలును, కొబ్బరిచిప్పతో జేసిన యొక గిలకయు నుండును. ఆ గిలక పేరు మాయి మిశ్రా. మాట చాలవఱకు పోయినను ఒక స్త్రీ పేరు వాద్యమున కంటుకొని నిలిచినది.

మన యాంధ్రదేశమున కళావంతుల యిండ్లలో విద్య తల్లినుండి కూతునకు వచ్చెడిది. మగవారు మద్దెలకును, తాళమునకును నిలిచెడివారు. 1947 నాటి మద్రాసు శాసనముతో దేవాలయసేవ నిలిచిపోయినపుడు, అక్రమముతోబాటు ఆ తల్లుల పాఠమును గూడ మనము వ్రాసిపెట్టుకొనక వదలితిమి. అది వేఱొక వ్యాసమునకు దగిన విషయము.

పల్నాటికి మరలుదును. వీరవిద్యావంతుల గాథ పురుషులు పాడు గాథ. దానిని స్త్రీలు పాడవలెనని నేను శాసించుట లేదు. అట్టి శాసనములు సాహిత్యపరిషత్తుల పని గాదు. పాఠమును సేకరించుట మన పని. ఆ పనిలో మాండే జెలీల యుదాహరణము మన కొక క్రొత్త ప్రశ్న నిచ్చినది. వీరగాథకు బాఠభేదములు గలవని యందఱు నెఱుగుదురు. ఒక యూరి గాయకుడు రాయబారమును విస్తరించును. మఱియొకడు మాంచాల ఘట్టముకడ నిలిచిపోవును. ఈ భేదములను గురుపరంపరతో వివరింపజూచి, చాలనిచోట గాయకుని స్వేచ్ఛ యని సరిపెట్టుకొందుము. ఆ భేదములలో గొన్ని పెండ్లితో వచ్చినవి కావచ్చునుగదా? గాయకగృహమున బుట్టిన పిల్ల గాయకగృహమునకే కోడలై వచ్చినపుడు, ఆమెతో నొక పుట్టింటి పాఠమును వచ్చియుండును. ఇకమీద గాథను వ్రాసికొనుటకు బోవువారు గాయకుని గురువు పేరడిగిన పిమ్మట, ఆతని తల్లి పుట్టినిల్లు ఏ యూరని కూడ నడుగవలెను. ఆ యూరికి బోయి అక్కడి పాఠమును గూడ వినవలెను. మాంచాల ఘట్టము అక్కడ నెట్లున్నదో.